టర్నోవర్ టార్గెట్ తర్వాత, ముందు వసూలు సంగతి తేల్చుకోండి

ఉగాది అయిపోయింది, ఏప్రిల్ 1 వస్తోంది. అనంతపురంలో నాలాగా చిన్న యాడ్ ఏజెన్సీలు నడిపేవాళ్లు ఎవరు కలిసినా ఇప్పుడు ఒకే మాట. ఈ ఏడాది టర్నోవర్ ఇంత చేయాలి, కొత్త క్లయింట్లను ఇంతమందిని పట్టాలి. నాకు ఈ మాట వింటే నిజంగా కోపం వస్తోంది. నలుగురైదుగురు పనిచేసే ఆఫీసుకు టర్నోవర్ ఒక లక్ష్యమేనా? మన ఊళ్లో, మన వ్యాపారంలో ఏడాది మొదట్లో తేల్చుకోవాల్సింది ఒకటే: చేసిన పనికి డబ్బు ఎన్ని రోజుల్లో చేతికి రావాలి? ఏ పని ఒప్పుకోవాలి, ఎవరికి వద్దని చెప్పాలి, కొత్తగా మనిషిని పెట్టుకోవాలా వద్దా, ఇవన్నీ దాని తర్వాతే.

ఉగాది రోజు పంచాంగం చదివేటప్పుడు ప్రతి రాశికీ ఆదాయంతో పాటు వ్యయం కూడా చెప్తారు. మనం డైరీలో రాసుకునే ప్లాన్‌లో ఆదాయం ఒక్కటే ఉంటుంది. అది కూడా బిల్లు వేసిన అంకె. చేతికొచ్చిన అంకె ఎక్కడా కనపడదు.

ఒక లెక్క చూడండి. అడ్మిషన్ల సీజన్‌లో ఒక ప్రైవేటు స్కూల్‌కు లక్ష రూపాయల పని చేశామనుకుందాం. బ్రోచర్లు, ఆటోల వెనక స్టిక్కర్లు, ఫ్లెక్సీలు, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, అన్నీ కలిపి. 18 శాతం జీఎస్టీతో బిల్లు 1,18,000 అవుతుంది. మరుసటి నెల 20వ తేదీకల్లా రిటర్న్ వేసి, ప్రింటింగ్‌కు మనం కట్టిన జీఎస్టీ పోను మిగతాది కట్టేయాలి. మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాళ్లకు తేదీలు వేరే, బాధ మాత్రం ఇదే. స్కూల్ వాళ్లు మనకు ఇచ్చారా లేదా అని జీఎస్టీ పోర్టల్ అడగదు. ఫేస్‌బుక్ యాడ్స్ డబ్బు మన కార్డులోంచి ముందే పోతుంది. ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్లకు చేతిలో పెడితే గానీ రోల్ బయటికి రాదు. ఒకటో తేదీ డిజైనర్‌కు జీతం ఇవ్వాలి. కరస్పాండెంట్ గారు మాత్రం "ఫీజులు వసూలు కానీ అన్నా, దసరా లోపల సెటిల్ చేద్దాంలే" అంటారు.

అంటే వాళ్ల అడ్మిషన్లకు మనం వడ్డీ లేకుండా పెట్టుబడి పెడుతున్నాం. మనకు అవసరం పడి బయట తెచ్చుకుంటే నూటికి రెండు రూపాయల వడ్డీ. లక్ష రూపాయలు ఐదు నెలలు ఆగితే పది వేలు వడ్డీకే పోతుంది. ఫ్లెక్సీ, ప్రింటింగ్ కలిసిన పనిలో మనకు మిగిలేదే పదో పదిహేనో వేలు. ఇలాంటి పనులు పది కలిపి పది లక్షల టర్నోవర్ అని చెప్పుకుంటే ఇంట్లో బియ్యం వస్తాయా?

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. స్కూళ్లు, ఆసుపత్రులు తాము కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోలేవు. చదువు మీద, వైద్యం మీద పన్ను లేదు కాబట్టి వాళ్లకు ఆ అవకాశం లేదు. అందుకే 18 శాతం వాళ్లకు నిజంగానే బరువు. "బిల్లు వద్దులేన్నా, అట్లనే చేసెయ్" అని అడిగేది ఎక్కువగా వాళ్లే. మనం ఒప్పుకుంటే పన్ను ఎగ్గొట్టినవాళ్లమవుతాం, పైగా పని చేశామనడానికి కాగితం కూడా ఉండదు. రేపు బాకీ అడగాలంటే వాట్సాప్‌లో పంపిన డిజైన్లు తప్ప ఏముంటుంది మన దగ్గర? తగ్గించాలంటే రేటు తగ్గించండి. బిల్లు మాత్రం మానకండి.

చట్టం ఈ విషయంలో చాలావరకు మన వైపే ఉంది. మనమే వాడుకోవడం లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులోపు చెల్లించాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఏర్పాటు 2017లో సమాధాన్ పోర్టల్‌తో మొదలైంది. ఫిర్యాదు చేయాలంటే ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే ఎంఎస్ఎంఈగా ప్రభుత్వం దగ్గర నమోదు, కావాలి. ఆన్‌లైన్‌లో ఉచితం, ఆధార్, పాన్ ఉంటే కాసేపట్లో అయిపోతుంది. ఎవరికో వెయ్యి, రెండు వేలు ఇచ్చి చేయించుకోవాల్సిన పనే కాదు. పని ఒప్పుకోకముందే అది చేతిలో ఉండాలి.

2023-24 నుంచి ఆదాయపు పన్నులో ఇంకొకటి వచ్చింది. మనలాంటివాళ్లకు గడువు దాటినా చెల్లించని బిల్లును ఆ వ్యాపారి ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, ఏ ఏడాది చెల్లిస్తే ఆ ఏడాదే చూపించుకోవాలి. జీఎస్టీలో కూడా బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మనకు చెల్లించకపోతే అతను తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టాలి. బట్టల షాపులు, నగల షాపులు, బైక్ షోరూమ్‌ల వాళ్లకు ఈ రెండూ గట్టిగా తగులుతాయి.

కేసులు వేయమని నేను చెప్పడం లేదు. చిన్న ఊరు మనది. పొద్దున బాకీ అడిగిన మనిషే సాయంత్రం పెళ్లిలో పక్కన కూర్చుంటాడు. బిల్లు కింద ఉద్యం నంబరు, చెల్లించాల్సిన ఆఖరి తేదీ, గడువు దాటితే ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుందని ఒక లైను, అంతే వేయండి. ఓనర్ చదవకపోవచ్చు. మార్చిలో లెక్కలు చూసే ఆడిటర్ తప్పకుండా చదువుతాడు, ఓనర్‌కు చెప్పాల్సింది చెప్తాడు.

ఏడాది ప్లాన్ అంటే ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు గళ్లు గీసి, ప్రతి గడిలో ఒకే అంకె వేసేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. మన దగ్గర ప్రతి నెలా ఒకేలా ఉంటుందా? ఈసారి, అంటే 2026లో, అధిక జ్యేష్ఠం వస్తోంది, మే 17 నుంచి జూన్ 15 వరకు. ఆ నెల రోజులు పెళ్లిళ్లు ఉండవు. కల్యాణ మండపాలు, పట్టుచీరల షాపులు, బంగారం షాపుల వాళ్లు యాడ్స్‌కు చేయి బిగిస్తారు. అదే సమయంలో స్కూళ్లు, కాలేజీలు మాత్రం ఒకదాని మీద ఒకటి పోటీ పడతాయి. అధికమాసం వల్ల ఆ తర్వాతి పండగలన్నీ పోయిన ఏడాది కంటే ఆలస్యంగా వస్తున్నాయి. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు రెండో సగంలో, దీపావళి నవంబరు 8న. ధర్మవరం చీరల వాళ్ల పని పోయిన ఏడాది తేదీలకే వస్తుందని కూర్చుంటే ఆషాఢం అంతా జీతాలు సొంత జేబులోంచే ఇవ్వాలి. అధికమాసం, ఆషాఢం, ఈ రెండు నెలల జీతాలకు సరిపడా డబ్బు మే మొదట్లోనే బ్యాంకులో ఉండాలి, అదీ పాత బాకీల వసూలులోంచే రావాలి.

ఆపైన వాన. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర. వేరుశనగ పండకపోతే నగల షాపు, ట్రాక్టర్ షోరూమ్, చీరల షాపు అన్నీ ఒకేసారి ఖర్చు ఆపేస్తాయి. మన క్లయింట్లందరూ వాన మీద ఆధారపడ్డ వ్యాపారాలే అయితే మనం కూడా మెట్ట రైతుతో సమానమే. అందుకే పెనుకొండ, హిందూపురం వైపు పర్చేజ్ ఆర్డర్ ఇచ్చి పని చేయించుకునే కంపెనీ ఒకటి రెండు దొరికితే, పని చిన్నదైనా వదలకండి. ఏ ఒక్క క్లయింట్ నుంచీ మన రాబడిలో నాలుగో వంతు దాటకుండా చూసుకోండి. ఆ ఒక్కరు ఆగితే మన ఆఫీసు ఆగిపోకూడదు.

వసూలు గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర పనిచేసే పిల్లల వల్ల. అనూ ఫాంట్‌లో, యూనికోడ్‌లో తెలుగును తప్పుల్లేకుండా కూర్చగలిగే డిజైనర్ దొరకడం ఎంత కష్టమో మనకే తెలుసు. ఇప్పుడు ఏఐతో క్లయింట్లే బొమ్మలు చేసుకుని పంపుతున్నారు. బొమ్మ బాగుంటుంది, తెలుగు రాతలో ఒత్తులు ఎక్కడికో పోతాయి. సరిచేయడానికి ఈ పిల్లలే కావాలి. బెంగళూరు నాలుగు గంటల దూరం. జీతం రెండు నెలలు పదిహేనో తేదీకి ఇస్తే మూడో నెల వాళ్లు బస్సెక్కేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం. కొత్త ల్యాప్‌టాప్, కొత్త ఆఫీసు, ఇంటీరియర్, ఇవన్నీ ఒకటో తేదీ జీతం తర్వాతే.

అడ్వాన్స్ అడిగితే క్లయింట్ పక్క ఏజెన్సీకి పోతాడంటారు. పోతాడు. మనకు ఎగ్గొట్టిన బాకీతోనే పోతాడు, అక్కడా అదే చేస్తాడు. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, "ఒక శాంపిల్ చేసి చూపించన్నా, నచ్చితే చూద్దాం" అనే పనులు, ప్రతి పండక్కి ఉచితంగా వాట్సాప్ పోస్టర్, ఇవి ఈ ఊళ్లో మనలో ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు కాబట్టి అందరినీ అడుగుతారు. ఒకరం మానేస్తే సరిపోదు.

కాబట్టి అనంతపురంలో ఏజెన్సీ నడిపేవాళ్లంతా ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం కూర్చుందాం. రేట్లు కలిపి పెట్టుకోవాలని అనడం లేదు, ఎవరి రేటు వాళ్లది. సగం అడ్వాన్స్ లేకుండా ప్రింటింగ్‌కు పంపం, ఉచిత శాంపిల్ చేయం, బిల్లు లేకుండా పని చేయం. ఈ మూడింటి మీద మాట్లాడుకుందాం. అడ్మిషన్ల పనులు ఇప్పటికే మొదలయ్యాయి, ఇది మే దాకా ఆగే విషయం కాదు. వచ్చేవాళ్లు కింద చెప్పండి, చోటు నేను చూస్తాను.