గ్రహణం రోజు నిలబడే రోకలికి బహిరంగ లేఖ

పూజ్యులు రోకలి గారికి,

మిక్సీలు వచ్చాక మిమ్మల్ని అటక ఎక్కించిన జనమే, గ్రహణం అనగానే దించి, కడిగి, బొట్టు పెట్టి, ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి మరీ నిలబెడుతున్నారు. గ్రహణ వేళ మాత్రమే, సూర్యచంద్రుల లాగుడుకే మీరు నిలబడతారని వాళ్ల నమ్మకం. మీరూ బెట్టు చేయకుండా నిలబడుతున్నారు. 2019 డిసెంబర్ 26న మన తిరుపతిలో సూర్యగ్రహణం పాక్షికమే. మీ కీర్తి మాత్రం సంపూర్ణం.

అడుగున బరువైన ఇనుప పొన్ను, సాపుగా ఉన్న మొదలు, కాస్త ఓపికున్న చెయ్యి. మీ రహస్యం ఇంతే. సూర్యచంద్రులు ఒకవైపుకు వచ్చి లాగడం వల్లే మీరు నిలబడేట్టయితే, ప్రతి అమావాస్యకూ మీకు ఈ డ్యూటీ తప్పేది కాదు.

మీ మీద నాకు కోపం లేదు. కోపమంతా టీవీలో మీ గురించి మాట్లాడిన ప్రొఫెసర్ గారి మీద. "గరిమనాభి గుండా గీసిన క్షితిజలంబం ఆధారపీఠం గుండా పోవలెను" అన్నారాయన, మీ బరువు సరిగ్గా మొదలు మీదే నిలిస్తే పడరని చెప్పబోయి. పక్కింటి అత్త ఛానెల్ మార్చేసింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది ఆ వివరణ. పైగా "మూఢనమ్మకాలు" అని కసురు ఒకటి.

నన్నడిగితే ఆ రోజు ప్రయోగం చేసింది అత్తే. మిమ్మల్ని అటూ ఇటూ తిప్పి, సరిచేసి, నిలబెట్టి చూసింది. సారు కుర్చీలోంచి లేవలేదు. ఆమె చేయనిదల్లా మామూలు రోజున మిమ్మల్ని నిలబెట్టి చూడడమే. "అమ్మా, రేపు కూడా ఒకసారి పెట్టి చూడండి" అంటే చాలు, మిగతాది ఆమే తేల్చుకునేది.

జనానికి అర్థమయ్యేలా చెప్పకపోవడం ఆయనొక్కరి జబ్బు కాదులెండి. గ్రహణానికి తిరుమల గుడి మూసినా శ్రీకాళహస్తి ఎందుకు తెరిచి ఉంటుందో మా వీధి పిల్లలు కూడా చెప్తారు, రాహుకేతు క్షేత్రమని. అదే మన తిరుపతి దగ్గరి గాదంకి ఊళ్లో 1024 యాంటెన్నాల రాడార్ ఆకాశంలోకి చూస్తూ ఏం కొలుస్తోందని అడగండి. "గాదంకా? టోల్‌గేటు కదా!" అంటారు. పై గాలుల్ని కొలుస్తోందని చిత్తూరు రోడ్డున పోయేవాళ్లకు ఎవరు చెప్పారు గనుక?

కాబట్టి ఒక మనవి. గ్రహణమూ అమావాస్యా లేని ఏదో ఒక బుధవారం, మన నాలుగు కాళ్ల మండపం దగ్గర ఒంటికాలి మీద నిలబడండి. ఛానెళ్లు రావు. సారుని నేను పిలుస్తాను. మిమ్మల్ని నిలబెట్టే పని మాత్రం ఆయనకే అప్పజెప్పండి. అత్త పక్కనుండి నేర్పిస్తుంది.

ఇట్లు,
తిరుపతి వాసి