భద్రాచలం వచ్చి గోదారి చూడకుండా పోతున్నారు, అదే నా బాధ

సంక్రాంతి అయ్యాక మా పెద్దమ్మ కొడుకు హైదరాబాద్ నుంచి ఫ్యామిలీతో వచ్చాడు. పొద్దున పదింటికి దిగారు, దర్శనం చేసుకున్నారు, పులిహోర ప్రసాదం కొనుక్కున్నారు, కారేసుకుని పర్ణశాల వెళ్లొచ్చారు, సాయంత్రం నాలుగింటికల్లా బ్యాగులు సర్దుకుంటుంటే "ఉండండి అన్నయ్యా, రేపు వెళ్దురు గాని" అన్నా. "ఇంకేముందిరా ఇక్కడ చూడ్డానికి, అన్నీ అయిపోయాయిగా" అన్నాడు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. గుడి మెట్లు దిగి ఐదు నిమిషాలు నడిస్తే గోదారి. వాళ్ల పాప, ఆరేళ్ల పిల్ల, గోదారిని బ్రిడ్జి మీద కారద్దంలోంచి తప్ప చూడనే లేదు.

అన్నయ్య ఒక్కడే కాదు, ఇక్కడికొచ్చే వాళ్లలో చాలామంది ఇంతే. రాముడి కోసం వస్తారు, మంచిదే, రావాలి కూడా, కానీ ఈ ఊరికి గోదారి ఎంత ముఖ్యమో ఎవరూ చెప్పరు, చూపించరు.

ఒక్కసారి రాత్రి ఉండి తెల్లారుజామున ఐదున్నరకి కరకట్ట ఎక్కండి. జనవరిలో అయితే మంచు పట్టి అవతలి గట్టున సారపాక కనిపించదు, రెండు బ్రిడ్జిల స్తంభాలు సగం వరకే కనిపిస్తాయి, ఒకటి 1965 నాటి పాత వంతెన, పక్కది 2024లో తెరిచిన కొత్తది. కింద చిన్న పడవలో ఒకాయన నిలబడి వల లాగుతుంటాడు, తడిసిన వల చెక్కకి తగిలే చప్పుడు గట్టు మీదికి వినిపిస్తుంది. నీళ్లు తేటగా, సన్నగా, మధ్యలో ఇసుక తిన్నెలు. ఆ టైంలో చూస్తే ఇదేం నది, పిల్లలు కూడా దాటేస్తారు అనిపిస్తుంది. అప్పుడు స్నానఘట్టం దగ్గర నీటిమట్టం అంకెలు చూడండి. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. నేను ఆ 2022 వరద ఊళ్లో ఉండి చూశా, బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు, మా మేడ మీద నిలబడితే గోదారి వాసన, బురద వాసన, ఎటు చూసినా ఎర్రటి నీళ్లే. కరకట్ట ఆపింది కాబట్టి ఊరు నిలబడింది, అయినా గోదారి పెరిగితే కట్ట తూములు మూసేయాలి, మూస్తే ఊళ్లో వాన నీళ్లు బయటికి పోలేక గుడి చుట్టూ నిలబడిపోతాయి, మోటార్లు పెట్టి ఎత్తిపోయాలి. జనవరిలో మోకాల్లోతు ఉన్న నది జూలైలో ఇంత చేస్తుందని తెలిసి చూస్తే ఆ ఘాటు మెట్ల మీద కూర్చోవడమే వేరుగా ఉంటుంది.

ఇక బోర్డర్ సంగతి. బయటి వాళ్లకి ఇది అర్థం కాదు, అందుకే వివరంగా రాస్తున్నా. భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాల్ని ఆంధ్రాలో కలిపేశారు, మా ఊరు మాత్రం తెలంగాణలో ఉంచారు. ఊరు ఇటు, ఊరి చుట్టూ ఉన్న ఊళ్లు అటు. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ ఐదు పంచాయతీలు ఇప్పుడు ఆంధ్రా. భద్రాచలం తెలంగాణే, పర్ణశాల తెలంగాణే, కానీ ఇక్కడి నుంచి అక్కడికి ముప్పై ఐదు కిలోమీటర్లు వెళ్లాలంటే మధ్యలో ఆంధ్రాలోంచి వెళ్లాలి. అన్నయ్య వాళ్లు వెళ్తూ రెండుసార్లు, వస్తూ రెండుసార్లు రాష్ట్రం మారారు, వాళ్లకి తెలియనే తెలియదు. గుడి మాన్యం భూములు పురుషోత్తపట్నంలో ఉన్నాయి, అంటే దేవుడు ఒక రాష్ట్రంలో, ఆయన పొలం ఇంకో రాష్ట్రంలో.

ఆ ఐదు పంచాయతీలు తిరిగి తెలంగాణకి ఇవ్వాలని చాలా ఏళ్లుగా అడుగుతున్నారు. ఎవరికివ్వాలో ఆ వాదన నేనిక్కడ చెయ్యను. నా బాధల్లా ఈ గీత వల్ల చూడాల్సిన చోట్లు అనాథలైపోయాయని. గుండాల దగ్గర గోదారి ఒడ్డున ఇసుకలో గుంట తవ్వితే వేడినీళ్లు ఊరతాయి, నిజంగా వేడిగా, చెయ్యి పెట్టి తీసేస్తాం. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ మీద ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు, కొబ్బరి చిప్పతో నేనే తవ్వేవాణ్ణి, మొదట తడి ఇసుక చల్లగా తగిలేది, ఒక జానెడు దిగాక వేళ్లకి వెచ్చగా, ఇంకాస్త దిగితే "అబ్బా" అని చెయ్యి లాగేసుకునేవాణ్ణి. గుడి నుంచి ఐదారు కిలోమీటర్లే. ఇంకెక్కడైనా అయితే ఈపాటికి దానికో దారీ, నీడా, బట్టలు మార్చుకోడానికి ఆడవాళ్లకి గదీ ఉండేవి. ఇక్కడికొచ్చే యాత్రికుడికి తెలంగాణ వైపు వాళ్లు దాని పేరు చెప్పరు ఎందుకంటే అది వాళ్లది కాదు, ఆంధ్రా వైపు వాళ్లు పట్టించుకోరు ఎందుకంటే భద్రాచలం వచ్చే జనం వాళ్ల లెక్కలోకి రారు. ఎటపాక జటాయువు కథ ఉన్న చోటు, రెండు మూడు కిలోమీటర్లు, సైకిల్ మీద వెళ్లే దూరం, కార్లు ఆగకుండా పర్ణశాలకి పోతాయి.

చెత్త గురించి కూడా చెప్పాలి. ఊరు దాటితే ఆంధ్రా కాబట్టి చెత్త వెయ్యడానికి ఊరికి జాగా లేదు, ఏళ్ల తరబడి గోదారి ఒడ్డున పోస్తూ వచ్చారు. భక్తులు మునిగే నది ఒడ్డున. ఇది రాస్తుంటేనే నాకు చేతులు వణుకుతున్నాయి, ఎవర్ని తిట్టాలో తెలియని కోపం.

పాపికొండల విషయం. చాలామంది భద్రాచలంలో బోట్ ఎక్కొచ్చు అనుకుంటారు. కాదు. బోట్ పాయింట్ పోచవరంలో, వీఆర్ పురం మండలం, అది ఆంధ్రా, ఇక్కడి నుంచి డెబ్బై ఎనభై కిలోమీటర్లు కూనవరం మీదుగా వెళ్లాలి. టికెట్లు మాత్రం మా ఊళ్లో అమ్ముతారు. రెండేళ్ల కింద మా అత్తయ్యా మావయ్యా వస్తే ఒక ఏజెంట్ దగ్గర టికెట్లు తీసుకుని తెల్లారకముందే బయల్దేరి అక్కడిదాకా పోయాం, పోయాక అక్కడి వాళ్లు "ఇవాళ బోట్లు లేవు సార్, నిన్న సాయంత్రమే ఆపమన్నారు" అన్నారు. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "మాకు చెప్పలేదు సార్, అది ఆంధ్రా వాళ్లది" అన్నాడు. డబ్బులు సగం వచ్చాయి, అది పోనివ్వండి, డెబ్బై ఏళ్ల మావయ్య ఎండలో ఆ ఇసుకలో నిలబడిపోయాడు. ఆపడం తప్పనడం లేదు, ఆపాల్సిందే. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి దాదాపు యాభై మంది పోయారు, వరదలో ఉన్న నది అది, ఆ రోజు అసలు బోటు కదలకూడదు. దాని తర్వాతే బోట్ పాయింట్ల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు. నేనడిగేది, ఆపిన కబురు డెబ్బై కిలోమీటర్లు ఇటు రావడానికి ఏమడ్డం? గుడి దగ్గర ఒక బోర్డు, ఇవాళ బోట్లు ఉన్నాయి, లేవు, అంతే. రాష్ట్రం గీత ఫోన్‌కి అడ్డం రాదు కదా.

అయినా వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. చలికాలంలో వెళ్లండి, వానాకాలంలో వద్దు. ఎక్కగానే లైఫ్ జాకెట్ వేసుకోండి, ఫోటో కోసం విప్పొద్దు, ఎక్కువ మందిని ఎక్కిస్తే దిగిపోండి, డబ్బులు పోతే పోయాయి. దారిలో కూనవరం దగ్గర పది నిమిషాలు ఆగండి, అక్కడ శబరి వచ్చి గోదారిలో కలుస్తుంది. వరదల్లో గోదారి నిండుగా ఉంటే శబరి ముందుకు పోలేక ఎగదన్నుతుంది, ఎక్కడో పైన చింతూరు రోడ్ల మీదికి నీళ్లొస్తాయి. బోట్ ఎక్కాక పేరంటపల్లిలో ఆగుతారు, శివాలయం, చెట్ల నీడ, కొండ మీంచి వచ్చే చల్లటి నీళ్లు, అక్కడ కొండరెడ్లు అనే గిరిజనులు వెదురుతో చేసిన బొమ్మలూ బుట్టలూ అమ్ముతారు, బేరమాడకండి దయచేసి. కొల్లూరు ఇసుకలో వెదురు గుడిసెలు. ఆ తర్వాత కొండలు రెండువైపులా దగ్గరికి వచ్చేస్తాయి, నది ఇరుకైపోతుంది, బోట్‌లో పాటలు పెట్టినవాళ్లు కూడా ఆపేస్తే బాగుండు అనిపిస్తుంది. పోలవరం పూర్తిగా నిండాక ఈ ఒడ్లు ఇలా ఉండవు, ఊళ్లు ఊళ్లే ఖాళీ అయిపోతున్నాయి. మా పిల్లలకి చూపించే టైం తక్కువే ఉంది.

ఒక్క విషయం మాత్రం ప్రతి ఒక్కళ్లకీ చేతులు జోడించి చెప్తున్నా. ఘాటు దగ్గర తప్ప గోదారిలో దిగొద్దు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు, మోకాళ్ల లోతు ఉంటుంది, ఇంకో అడుగు వేస్తే మనిషి లోతు దాటిపోతుంది, ఇసుక జారిపోతుంటే కాలికి పట్టు దొరకదు, ఈతొచ్చినా లాభం లేదు. మా వీధిలో పదో తరగతి పిల్లాడు అలాగే పోయాడు, వాళ్లమ్మ ఇప్పటికీ ఘాటు వైపు రాదు. ఎర్రజెండాలూ తాడూ ఎంత ఖర్చని, ఇద్దరు గజ ఈతగాళ్లు పండగలకే కాదు రోజూ ఉండాలి, ఇది ఎప్పట్నుంచో ఊళ్లో అందరూ అడుగుతున్నదే.

వచ్చేవాళ్లకి ఇంకో మాట, రైల్లో "భద్రాచలం రోడ్" అని ఉంటే అది కొత్తగూడెం స్టేషన్, అక్కడి నుంచి ఇంకో నలభై కిలోమీటర్లు. దారిలో పాల్వంచ దగ్గర పక్కకి తిరిగితే కిన్నెరసాని, జింకల పార్కు, బోటింగ్, పిల్లలకి బాగుంటుంది. ఊళ్లో ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ, ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది, కోయవాళ్ల ఇల్లు ఎలా ఉంటుందో, వేటకి ఏం వాడేవాళ్లో చూడొచ్చు, గంట చాలు. వెళ్లేటప్పుడు ఇప్పపువ్వు లడ్డూలు కొనుక్కోండి.

ఇదంతా అన్నయ్యకి ఆ సాయంత్రం చెప్పలేకపోయా, వాళ్లు హడావిడిలో ఉన్నారు. కానీ పాపని చెయ్యి పట్టుకుని "రెండు నిమిషాలు" అని ఘాటు దాకా తీసుకెళ్లా. పొద్దు వాలిపోతోంది, హారతికి ఇంకా టైం ఉంది. పాప చెప్పులు విప్పి చివరి మెట్టు మీద నీళ్లలో పాదాలు పెట్టి, చల్లగా ఉందని గట్టిగా అరిచింది, మళ్లీ తీసి మళ్లీ పెట్టింది, అలా ఎన్నిసార్లో. పైనుంచి వదిన పిలుస్తుంటే "బాబాయ్, ఇది ఎక్కడికి పోతుంది?" అనడిగింది. రాజమండ్రి, అక్కడి నుంచి సముద్రంలోకి అన్నా. "మధ్యలో కొండలు అడ్డం రావా?" అంది. వస్తాయి, కొండల మధ్యలోంచే పోతుంది అన్నా. నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేశాడు, పాప రోజూ ఆ కొండల గురించే అడుగుతోందంట, వచ్చే నెల రెండు రోజులు సెలవు పెట్టి వస్తామన్నాడు, బోట్లు ఉన్నాయో లేవో ముందే కనుక్కుని చెప్పమన్నాడు. పొద్దున్నే పోచవరంలో తెలిసినాయనకి ఫోన్ చేశా.