యాభైల అణుయుద్ధ సినిమాలన్నీ రాక్షసుల సినిమాలేనా?

"అణుయుద్ధం తర్వాత మిగిలిన మనుషుల గురించి సీరియస్‌గా సినిమా తీయడం 1983 దాకా ఎవరికీ చేతకాలేదు. అమెరికాలో ‘ది డే ఆఫ్టర్’, మరుసటి ఏడు బ్రిటన్‌లో ‘థ్రెడ్స్’ వచ్చాకే ఆ పని జరిగింది. అంతకుముందు వచ్చినవన్నీ రేడియేషన్ తగిలి పుట్టిన రాక్షసుల సినిమాలు, లేదంటే అమెరికా ప్రభుత్వ ప్రచారం. చివర్లో ఒక తెల్ల యువకుడు, ఒక తెల్ల యువతి మిగులుతారు, చేతులు పట్టుకుని కొత్త లోకంలోకి నడిచిపోతారు. దెబ్బ తిన్న జపాన్ కూడా నేరుగా చెప్పే ధైర్యం లేక గాడ్జిల్లా చాటున దాక్కుంది."

సైన్స్ ఫిక్షన్ సినిమాల గురించి మనవాళ్ళ మధ్య ఎప్పుడు చర్చ జరిగినా ఈ వాదన అటూ ఇటూ మాటలు మారి వస్తూనే ఉంది. చాలామంది షేర్ చేస్తున్నారు కూడా. యాభైల్లో చెత్త సినిమాలు బోలెడు వచ్చిన మాట నిజమే కాబట్టి నమ్మబుద్ధవుతుంది. కానీ వాటిని చూపించి ఆ కాలాన్నంతా కొట్టిపారేస్తే, తక్కువ డబ్బుతో, ఎన్నో అడ్డంకుల మధ్య తీసిన కొన్ని గొప్ప సినిమాలకి అన్యాయం జరుగుతుంది. ఆ సినిమాలంటే నాకు చాలా ఇష్టం, అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు ‘1983 దాకా ఎవరికీ చేతకాలేదు’ అన్న సంగతి చూద్దాం. సోవియట్ యూనియన్ తొలి అణుబాంబుని పరీక్షించింది 1949 ఆగస్టులో. రెండు వైపులా బాంబులు పడే యుద్ధం అన్న భయం అప్పుడే నిజంగా మొదలైంది. ఆ తర్వాత రెండేళ్ళు తిరక్కుండానే, 1951లో, ‘ఫైవ్’ విడుదలైంది. రాసిందీ, నిర్మించిందీ, దర్శకత్వం చేసిందీ ఆర్చ్ ఒబోలర్ ఒక్కడే. రేడియో నాటకాలతో పేరు తెచ్చుకున్న మనిషి. కాలిఫోర్నియాలో మాలిబు దగ్గరి కొండల్లో తన సొంత స్థలంలో, ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిచ్చిన తన ఇంట్లోనే షూటింగ్ పెట్టుకున్నాడు. యూనిట్‌లో ఎక్కువమంది యూనివర్సిటీలో సినిమా చదువు అప్పుడే ముగించిన కుర్రాళ్ళు. పేరున్న తార ఒక్కరూ లేరు.

కథలో లోకమంతా పోయి ఐదుగురు మిగులుతారు. గర్భవతి అయిన రోజాన్ ఆ సమయానికి ఆస్పత్రిలో సీసపు గోడల ఎక్స్‌రే గదిలో ఉంది. మైకేల్ న్యూయార్క్‌లో ఒక లిఫ్ట్‌లో ఉన్నాడు. బ్యాంకులో పనిచేసే ముసలి బార్న్‌స్టేపుల్, అదే బ్యాంకులో పనిచేసే నల్లజాతి యువకుడు చార్లెస్ ఖజానా గదిలో ఇరుక్కుపోయారు. ఎరిక్ ఎవరెస్టు ఎక్కుతున్నాడు. లిఫ్ట్‌లో ఉన్నవాడు ఎలా బతికాడని అడిగితే సినిమా దగ్గర గట్టి జవాబు లేదు. ఒబోలర్‌కి కావలసింది ఆ తర్వాత జరిగేది. మైకేల్, చార్లెస్ నేల దున్ని పంట వేస్తారు. చార్లెస్‌తో ఒకే ఇంట్లో ఉండటం ఎరిక్‌కి గిట్టదు. ఆ మాట దాచుకోడు కూడా. జీపుని కావాలని పంట మీదుగా నడిపి తొక్కేస్తాడు. చివరికి అడ్డొచ్చిన చార్లెస్‌ని పొడిచి చంపేస్తాడు. రోజాన్‌ని, పసిబిడ్డని తీసుకుని సిటీకి వెళ్తాడు. ఆమె భర్త ఏమయ్యాడో తెలుసుకుందామని వెళ్ళింది, అతను వెళ్ళింది దోచుకోవడానికి. ఆమెకి ఆస్పత్రిలో భర్త అవశేషాలు కనిపిస్తాయి. ఎరిక్ చొక్కా చిరిగినప్పుడు ఒంటి మీద రేడియేషన్ గుర్తులు బయటపడతాయి. తిరుగు దారిలో బిడ్డ చనిపోతుంది.

ఈ కథలో రాక్షసుడు ఎక్కడున్నాడు? పాత లోకం నుంచి ఎరిక్ వెంట తెచ్చుకున్న జాతిద్వేషమే మిగిలిన ఆ కొద్దిమంది బతుకునీ చెదరగొట్టడానికి సరిపోయింది. సినిమా నెమ్మదిగా నడుస్తుంది, మాటలు ఎక్కువ, రేడియో వాసన పోలేదు. అయినా బాంబు పడ్డాక మనిషి మారతాడా అని ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చిన సినిమాలు అడిగిన ప్రశ్నని ఇది 1951లోనే అడిగింది.

రాక్షసుల సినిమాలు లేవని నేను అనను. 1955లో రోజర్ కోర్మన్ తీసిన ‘డే ది వరల్డ్ ఎండెడ్’లో మూడు కళ్ళ వికృతజీవి ఉంది, ఆ వేషం చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ అందులో కూడా కథ మొదలయ్యేది ఒక తలుపు దగ్గర. రిటైరైన నౌకాదళ అధికారి ఒకాయన కొండల మధ్య లోయలో ఇల్లు కట్టుకుని ముగ్గురికి సరిపడా తిండి దాచుకుంటాడు. బాంబులు పడ్డాక ఇంకొందరు వచ్చి తలుపు కొడతారు. లోపలికి రానిస్తే అందరికీ తిండి చాలదు. రానివ్వనంటాడు, కూతురు పట్టుబడితే ఒప్పుకుంటాడు. ఆరేళ్ళ తర్వాత, 1961లో, ఎల్. సి. మెక్‌హ్యూ అనే జెస్యూట్ పాదిరీ, అణుదాడి నుంచి తప్పించుకోవడానికి ఇంట్లో కట్టుకున్న షెల్టర్‌లోకి చొరబడే పక్కింటివాళ్ళని బలవంతంగానైనా ఆపడం తప్పు కాదని ఒక క్యాథలిక్ పత్రికలో రాస్తే అమెరికా అంతటా పెద్ద గొడవ జరిగింది. చవక సినిమా అని పక్కన పెట్టిన దాంట్లో అదే ప్రశ్న ముందే ఉంది. 1962లో రే మిల్లండ్ తీసి, నటించిన ‘పానిక్ ఇన్ ఇయర్ జీరో!’ కూడా ఇదే దారిలోది. అందులో సంసారపక్షంగా బతికే తండ్రి కుటుంబం కోసం తుపాకి పట్టి దుకాణం దోచే స్థాయికి వస్తాడు.

ఇక ‘తెల్ల జంటే మిగులుతుంది’ అన్న మాట. ‘ఫైవ్’ చివర మిగిలేది అలాంటి జంటే, అది ఒప్పుకోవాలి. చార్లెస్‌ని చంపింది ఎవరు, ఎందుకు అన్నది కూడా అదే సినిమా చెప్పింది, దాన్ని వదిలేయకూడదు. ఈ వాదనని నిలబడనివ్వని సినిమా ఇంకొకటి ఉంది. 1959లో రనాల్డ్ మెక్‌డూగల్ దర్శకత్వంలో వచ్చిన ‘ది వరల్డ్, ది ఫ్లెష్ అండ్ ది డెవిల్’. హీరో హ్యారీ బెలఫాంటే, నల్లజాతి నటుడు, అప్పటికే పెద్ద గాయకుడు. నిర్మాణంలో అతని సొంత కంపెనీకీ భాగం ఉంది.

అతని పాత్ర పేరు రాల్ఫ్. పెన్సిల్వేనియా బొగ్గు గనిలో రోజుల తరబడి ఇరుక్కుపోయి, ఎలాగో బయటికొచ్చేసరికి పైన మనిషన్నవాడు లేడు. రేడియోధార్మిక సోడియం గాలిలో కలిసి అందరూ పోయారు. న్యూయార్క్ చేరుకుంటాడు. ఖాళీ వీధుల్లో అతను ఒక్కడే నడిచే ఆ దృశ్యాలని నిజమైన న్యూయార్క్ వీధుల్లోనే, జనం లేచి రోడ్డెక్కకముందు తెల్లవారుజామున తీశారు. ఈ రోజుల్లో కంప్యూటర్‌తో ఖాళీ చేసిన నగరాలు ఎన్ని చూసినా నాకు ఆ నిశ్శబ్దం ఇచ్చిన భయం మళ్ళీ కలగలేదు. రాల్ఫ్ ఒక బిల్డింగుకి కరెంటు తెప్పించుకుంటాడు, పుస్తకాలు పాడవకుండా తెచ్చి దాచుకుంటాడు. తర్వాత సారా అనే తెల్ల యువతి కనిపిస్తుంది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. ఒకసారి ఆమె మాటల్లో అలవాటుగా, తను స్వతంత్రురాలినని, తెల్లదాన్నని, పెద్దదాన్నయ్యానని, తన ఇష్టం తనదని అనేస్తుంది. చెడ్డ ఉద్దేశం లేదు, పాత లోకంలో అందరూ వాడే నానుడి. రాల్ఫ్ ముఖం మారిపోతుంది. ఆమె పుట్టినరోజుకి బ్రహ్మాండంగా భోజనం ఏర్పాటు చేస్తాడు, కానీ వడ్డించేవాడిగా నిలబడతాడు, ఆమెతో కలిసి కూర్చోడు. కోట్లమంది చచ్చిపోయి ఇద్దరే మిగిలినా ఆ బల్ల దగ్గర వర్ణభేదం చావలేదు. ఈ ఒక్క సన్నివేశం కోసమే సినిమా అంతా చూడొచ్చు.

మూడోవాడు, తెల్లవాడు బెన్, వచ్చాక తుపాకులు పట్టుకుని ఒకర్నొకరు వేటాడుకుంటారు. ఐక్యరాజ్యసమితి దగ్గర గోడ మీద చెక్కిన, కత్తులని నాగళ్ళుగా మార్చాలనే బైబిల్ మాట చదివి రాల్ఫ్ తుపాకి పారేస్తాడు. చివర్లో ముగ్గురూ చేతులు కలుపుకుని నడుస్తారు. తెర మీద పడే అక్షరాలు ‘ముగింపు’ కాదు, ‘ఆరంభం’. రాల్ఫ్, సారాల ప్రేమని పూర్తిగా చూపించడానికి సినిమా జంకింది, ఆ లోటు స్పష్టంగా తెలుస్తుంది. అయితే నలుపు తెలుపు జాతుల మధ్య ప్రేమని తెర మీద చూపకూడదన్న హాలీవుడ్ నియమం 1956 దాకా అమల్లో ఉంది. అలాంటి పెళ్ళిళ్ళు పలు రాష్ట్రాల్లో నేరంగా ఉండేవి, సుప్రీంకోర్టు ఆ చట్టాలని 1967లో గానీ కొట్టేయలేదు. ఆ పరిస్థితుల్లో ఇంతవరకు వచ్చిన సినిమాని ‘తెల్ల జంట’ లెక్కలో వేయడం ఎలా కుదురుతుంది?

ప్రభుత్వ ప్రచారం అన్న ఆరోపణకి జవాబు చిన్నదే. ప్రభుత్వం తీయించిన ప్రచారం ఎలా ఉంటుందో చూడాలంటే ‘డక్ అండ్ కవర్’ అనే చిన్న సినిమా ఉంది. మెరుపు కనిపిస్తే బల్ల కింద దూరి తల కప్పుకోమని తాబేలు బొమ్మతో స్కూలు పిల్లలకి నేర్పించారు. దాని పక్కన 1959లో స్టాన్లీ క్రామర్ తీసిన ‘ఆన్ ది బీచ్’ పెట్టండి. ఉత్తరార్ధగోళం అంతా పోయింది, అణుధూళి గాలులతో పాటు దక్షిణానికి వస్తోంది, మెల్‌బోర్న్‌లో జనం ప్రభుత్వం పంచిన ఆత్మహత్య మాత్రల కోసం వరసలో నిలబడ్డారు. ఎవరూ బతకరు. గ్రెగరీ పెక్, అవా గార్డ్నర్ అంతటి తారలున్నా అమెరికా రక్షణశాఖ అణు జలాంతర్గామి ఇవ్వనంది, బ్రిటిష్ జలాంతర్గామితో సరిపెట్టుకున్నారు. విడుదలకి ముందు అప్పటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మంత్రివర్గ సమావేశంలో ఈ సినిమా గురించి కంగారుగా చర్చించారు. మాస్కోతో సహా ప్రపంచంలోని ఎన్నో నగరాల్లో ఒకేరోజు ప్రదర్శించారు. ప్రభుత్వానికి టెన్షన్ పెట్టిన సినిమా ప్రభుత్వ ప్రచారం ఎలా అవుతుంది?

జపాన్ గురించి అన్న మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. మిగతా దేశాలు ఊహించి తీశాయి, జపాన్‌లో అణుబాంబు నుంచి బతికినవాళ్ళు నిజంగా ఉన్నారు. 1952 ఏప్రిల్ దాకా ఆ దేశం అమెరికా ఆక్రమణలో ఉంది, బాంబు గురించి ఏం రాసినా, ఏం తీసినా సెన్సార్ కన్ను ఉండేది. ఆక్రమణ ముగిసిన కొన్ని నెలలకే, ఆగస్టులో, కానెతో షిందో ‘గెన్‌బాకు నో కో’ విడుదల చేశాడు. అణుబాంబు పిల్లలు అని దాని అర్థం. షిందోది హిరోషిమానే. ఒక యువ టీచర్ ఏళ్ళ తర్వాత ఊరికి వచ్చి, ఒకప్పుడు తను చదువు చెప్పిన చిన్నపిల్లల్లో బతికున్నవాళ్ళని వెతుక్కుంటూ తిరుగుతుంది. ఒక పిల్ల రేడియేషన్ జబ్బుతో చావుబతుకుల్లో ఉంది. మంత్రసానిగా పనిచేస్తున్న పాత స్నేహితురాలికి బాంబు వల్ల ఇక పిల్లలు పుట్టరు. ఒకప్పుడు తమ ఇంట్లో పనిచేసిన ముసలాయన చూపు పోయి అడుక్కుంటున్నాడు. ఎవరూ కేకలు పెట్టరు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు.

ఆ సినిమాకి డబ్బు పెట్టిన ఉపాధ్యాయుల సంఘానికి అది మరీ మెత్తగా ఉందనిపించింది. దాంతో 1953లో హిదెయో సెకిగావా చేత ‘హిరోషిమా’ తీయించారు. వేలమంది హిరోషిమా వాసులు, బాంబు రోజుని స్వయంగా చూసినవాళ్ళతో సహా, తమ బతుకునే మళ్ళీ నటించారు. పెద్ద కంపెనీలు పంపిణీకి ముందుకు రాలేదు. గాడ్జిల్లా వచ్చింది వీటన్నిటి తర్వాత, 1954 నవంబరులో. ఆ ఏడాది మార్చిలో బికినీ దీవుల హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది, సెప్టెంబరులో అందులోని రేడియో ఆపరేటర్ చనిపోయాడు. ‘గెన్‌బాకు నో కో’కి, ‘హిరోషిమా’కి, గాడ్జిల్లాకి సంగీతం ఇచ్చింది ఒకే మనిషి, అకిరా ఇఫుకుబే. అంటే దాక్కోవడం కాదు, నేరుగా చెప్పినవాళ్ళే మరో రూపంలోనూ చెప్పారు. 1955లో దర్శకుడు అకిరా కురొసావా, అణుబాంబు భయంతో కుటుంబాన్నంతా బ్రెజిల్ తీసుకుపోదామనే ముసలి ఫ్యాక్టరీ యజమాని కథ తీశాడు. ఆ ముసలివాడిగా చేసిన తొషిరో మిఫునే వయసు అప్పటికి 35.

చివర్లో కొత్త లోకంలోకి నడిచిపోతారని, అంటే అన్నీ ఆశతోనే ముగుస్తాయని అనడం కూడా నిజం కాదు. ‘ఆన్ ది బీచ్’లో ఒక్కరూ మిగలరు. 1961 జపాన్ సినిమా ‘సెకాయ్ దైసెన్సో’లో ఒక డ్రైవర్ కుటుంబం కలిసి ఆఖరి భోజనానికి కూర్చుంటుంది, ఆ తర్వాత టోక్యో ఉండదు. 1962లో క్రిస్ మార్కర్ ఫ్రాన్స్‌లో నిశ్చలచిత్రాలతో తీసిన 28 నిమిషాల ‘లా జెతే’లో పారిస్ కింద నేలమాళిగల్లో బతుకుతున్నవాళ్ళకి కూడా తేలికైన విడుదల లేదు. భూమి కింద దాక్కున్న ఈ మనుషులు మనకీ తెలిసినవాళ్ళే: 1991 నాటి ‘ఆదిత్య 369’లో కాలయంత్రం 2504కి చేరితే, మూడో ప్రపంచయుద్ధం తర్వాత రేడియేషన్‌కి జడిసి నేల కింద బతికేవాళ్ళు కనిపిస్తారు.

ఆ వాదన వెనక ఉన్న ఒక అసంతృప్తి మాత్రం న్యాయమైనది. అమెరికా సినిమాలు శరీరాన్ని చూపించలేదు. ‘ఆన్ ది బీచ్’లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధులు కడిగినట్టు శుభ్రంగా ఉంటాయి, శవం లేదు, కాలిన చర్మం లేదు. రాల్ఫ్ నడిచిన న్యూయార్క్‌లోనూ అంతే. ‘థ్రెడ్స్’ చూసినవాళ్ళకి ఇవి మెత్తగా అనిపించడం సహజం.

కానీ ఆ లోటుని పూడ్చడానికి కూడా 1980ల దాకా ఆగాల్సిన పని లేదు. 1965లో పీటర్ వాట్కిన్స్ బీబీసీ కోసం ‘ది వార్ గేమ్’ తీశాడు. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతం మీద అణుదాడి జరిగితే ఏమవుతుందో మామూలు జనంతో, వార్తాచిత్రం పద్ధతిలో చూపించాడు. కాలిన కళ్ళు, బాగుపడే ఆశ లేనివాళ్ళని కాల్చి చంపే పోలీసులు, తిండి కోసం అల్లర్లు, భవిష్యత్తులో ఏమవుతావని అడిగితే ఏమీ కానని చెప్పే పిల్లలు అన్నీ అందులో ఉన్నాయి. టీవీలో వేయడానికి మరీ భయంకరంగా ఉందని బీబీసీ ప్రసారం ఆపేసింది. కొద్దిపాటి సినిమా ప్రదర్శనలకే ఒప్పుకుంది. ఆ ప్రదర్శనలతోనే అది 1966 సంవత్సరానికి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ గెలుచుకుంది. టీవీలో మాత్రం 1985 జులై 31న గానీ రాలేదు. అప్పటికి ‘థ్రెడ్స్’ అదే బీబీసీలో వచ్చి పది నెలలు దాటింది. అందుకే జనం ‘థ్రెడ్స్’ని ముందు చూశారు, అదే మొదటిదనుకున్నారు.