స్నేహితుల సంఖ్య కాదు, వాళ్లతో ఏం చేస్తామన్నదే ముఖ్యం
యూనివర్సిటీలో స్నేహాలు పెరిగేకొద్దీ మార్కులు తగ్గుతాయని ఒక వ్యాసంలో చదివిన మాటను నేను ఒప్పుకోలేను. నేను కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో వెళ్లి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. బిట్రగుంటలో ఇద్దరు క్లాస్‌మేట్లు ఎక్కేవాళ్లు. ముందురోజు అర్థంకాని రియాక్షన్లన్నీ నెల్లూరుకు ముందు స్టేషన్ పడుగుపాడు వచ్చేలోపు ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. సార్‌ని అడగడానికి జంకే ప్రశ్నను పక్కసీటు అమ్మాయిని అడగడానికి భయమెందుకు? పైగా తనకు వివరించబోతేనే నాకెంత వచ్చో, ఎంత రాదో తెలిసేది. రెండో సెమిస్టర్లో ఒక పేపర్ పోయి చదువు మానేస్తానంటే, మా ఇంటికొచ్చి మా అమ్మతో మాట్లాడింది వాళ్లే. హాస్టల్లో అర్ధరాత్రి దాకా కబుర్లతో గడిపి పరీక్షలు పోగొట్టుకున్నవాళ్లనూ చూశాను, కాదనను. అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీలో ఎవరికి ఏ రూమ్‌మేట్ అన్నది విద్యార్థులు ఎంచుకోకుండా కేటాయించేవారు. ఆ వివరాలతో ఆర్థికవేత్త బ్రూస్ సాసర్‌డోట్ 2001లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మొదటి ఏడాది మార్కులపై రూమ్‌మేట్ ప్రభావం ఉంది గానీ, ఏ సబ్జెక్టు ఎంచుకోవాలన్న దానిపై కనిపించలేదు. నేను చదివిన ఆ వ్యాసం స్నేహితుల్ని లెక్కపెట్టింది, వాళ్లు కలిసి కూర్చున్నప్పుడు ఏం చేస్తున్నారో అడగలేదు.