సవరణ: మెట్స్ పాత కార్డులు, చివరి విడత సంగతి

న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టులోని చిన్నాచితకా ఆటగాళ్ల బొమ్మల కార్డులు సేకరించడం గురించి ముందు రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది: "పేరులేని ఆటగాడి కార్డు ఏ ఏడాదిదైనా చవకే" అన్నాం. 1974 నుంచి వచ్చిన టాప్స్ (ఈ కార్డులు అచ్చువేసే కంపెనీ) సెట్లకు ఆ మాట దాదాపు సరిపోతుంది, ఎందుకంటే ఆ ఏడాది నుంచి సెట్టంతా ఒకేసారి విడుదల చేశారు. 1973 వరకూ సీజన్ పొడవునా విడతలుగా అమ్మేవారు. చివరి విడత వచ్చేసరికి పిల్లల చూపు ఫుట్‌బాల్ కార్డుల మీదికి మళ్లేది, దుకాణాలు తక్కువ తెప్పించేవి. అందుకే 1967లో 534 నుంచి 609 దాకా, 1972లో 657 నుంచి 787 దాకా ఉన్న చివరి విడత నంబర్లలో అనామకుడి కార్డుకైనా ధర ఎక్కువే. కొనేముందు వెనకవైపు నంబరు చూడండి, ముఖం కాదు.

అన్నిటికన్నా చిక్కు 1967 నంబర్ 581. బిల్ డెనెహీ కోసం వెతికితే అదే కార్డులో పక్కన మేటి పిచర్ టామ్ సీవర్ ఉంటాడు, అదీ రూకీ కార్డు (కొత్త ఆటగాడిగా వచ్చిన తొలి కార్డు), పైగా చివరి విడత! దీన్ని ఆఖరికి వదిలి, డెనెహీకి వేరే ఏడాది కార్డు చూసుకోవడమే తెలివి. (మేనేజర్ గిల్ హాడ్జెస్ కోసం మెట్స్ వాషింగ్టన్ సెనేటర్స్ జట్టుకు ఇచ్చింది ఈ డెనెహీనే.)

రెండోది: కార్డులు దాచే ఆల్బమ్‌లోని తొమ్మిది జేబుల పేజీ అన్ని కార్డులకూ సరిపోతుందన్నాం, కానీ అన్నిటికీ పట్టదు. 2½ × 3½ అంగుళాల కొలత 1957లో మొదలైంది. 1952–56 టాప్స్ కార్డులు 2⅝ × 3¾. బలవంతంగా దూర్చితే మూలలు నలుగుతాయి. వాటికి ఎనిమిది జేబుల పేజీ వాడండి, పీవీసీ లేనిది. మెట్స్ 1962లో పుట్టిన జట్టు కనుక వాళ్ల కార్డులకు ఈ బెడద లేదు. డాడ్జర్స్, జెయింట్స్ లాంటి అంతకుముందే ఉన్న జట్ల పాత కార్డులు సేకరించేవాళ్లకే.