వెయ్యి హార్స్‌పవరే కదా అని తీసిపారేయకండి

రైలు అభిమానుల మధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. అమెరికాలో 1939-49 మధ్య తయారైన వెయ్యి హార్స్‌పవర్ల ఎన్‌డబ్ల్యూ2 డీజిల్ షంటింగ్ ఇంజిన్ స్టీమ్ ఇంజిన్ల ముందు ఉత్త బలహీనమైనదట, లారీలా గేర్‌బాక్స్‌తో నడిచేదట, తయారుచేసిన జనరల్ మోటార్స్ ఒత్తిడి వల్లే రైల్వే కంపెనీలు దాన్ని కొన్నాయట. మూడూ తప్పే.

ముందు బలం సంగతి. షంటింగ్ అంటే ఆగి ఉన్న వ్యాగన్లను కదిలించడం. అక్కడ హార్స్‌పవర్ కంటే చక్రం పట్టా మీద జారకుండా ఎంత పట్టు నిలుపుకుంటుందన్నదే ముఖ్యం. ఎన్‌డబ్ల్యూ2 బరువు సుమారు 2,48,000 పౌండ్లు, అంటే 112 టన్నులు. నాలుగు ఇరుసులకూ మోటార్లున్నాయి కాబట్టి ఆ బరువంతా పట్టుకు పనికొస్తుంది. అందులో పావు వంతు లెక్కేసినా లాగుడు 62,000 పౌండ్లు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ప్రామాణికం చేసిన 0-8-0 (ఎనిమిది నడిపే చక్రాలు మాత్రమే ఉన్న) స్టీమ్ షంటర్‌ది సుమారు 51,000 పౌండ్లే. వెయ్యి హార్స్‌పవర్ చాలకపోయేది వేగం పెరిగాక. గంటకు 8 కిలోమీటర్లు దాటినప్పటి నుంచి లాగుడు తగ్గుతూ పోతుంది. భారీ లోడును మెల్లగా చాలాసేపు లాగితే మోటార్లు వేడెక్కుతాయి కూడా. నిజమే, కానీ యార్డులో ఆ అవసరం ఎంత?

గేర్‌బాక్స్ అన్నమాట ఎక్కడిదో గానీ, ఇది డీజిల్-ఎలక్ట్రిక్. 12 సిలిండర్ల 567 మోడల్ డీజిల్ ఇంజిన్ జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు ఇరుసులను తిప్పుతాయి. డ్రైవర్ గేర్లు మార్చే పనే లేదు. మన డబ్ల్యూడీఎస్-6 షంటర్‌దీ ఇదే పద్ధతి.

ఇక ఒత్తిడి ఆరోపణ. ఎన్‌డబ్ల్యూ2 కొన్న యూనియన్ పసిఫిక్, శాంటా ఫే, న్యూయార్క్ సెంట్రల్ రైల్వే కంపెనీలు, జనరల్ మోటార్స్‌కు పోటీ సంస్థ అయిన ఆల్కో తయారుచేసిన ఎస్-2 షంటర్లనూ కొన్నాయి. ఎన్‌డబ్ల్యూ2లు 1,100 పైచిలుకు తయారైతే, ఎస్-2లు దాదాపు 1,500. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వ కేటాయింపులు ఆల్కోకు కలిసొచ్చిన మాటా వాస్తవమే. కంపెనీలు డీజిల్ వైపు వెళ్లడానికి అసలు కారణం రోజువారీ ఖర్చు. స్టీమ్ షంటర్‌కు బొగ్గు వేయాలి, నీళ్లు పట్టాలి, బూడిద తీయాలి, ఖాళీగా ఉన్నా నిప్పు ఆరకుండా చూడాలి. డీజిల్‌కు ఆ గొడవ లేదు, దాదాపు రోజంతా పనిచేస్తుంది.

పైగా, పొగ ఇంజిన్లను ఆపాలని 1923లో న్యూయార్క్ చట్టం తెచ్చాక, సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ 1925లోనే 300 హార్స్‌పవర్ డీజిల్-ఎలక్ట్రిక్ షంటర్‌ను బ్రాంక్స్‌లో పనిలో పెట్టింది. జనరల్ మోటార్స్ రైలింజిన్ల వ్యాపారంలో అడుగుపెట్టింది 1930లో.