కుక్కపిల్ల ధర 9,000, కుక్క ధర 10 లక్షలు

మా లడ్డూను చూసినవారు ముందుగా అడిగేది దాని పేరు కాదు, ధర. 2020 ఆగస్టులో ఆ లాబ్రడార్ పిల్లను మేము 9,000 రూపాయలకు కొన్నాము. ఆ మాట చెప్పగానే ఎదుటివారి ముఖంలో ఒక తేలికపాటి ఆనందం కనిపిస్తుంది, అంతే కదా, మనమూ కొనవచ్చు అని. పోయిన వారం మా ఆఫీసులో ఒక తమ్ముడి లాంటి సహోద్యోగి కూడా కూతురి పుట్టినరోజుకు బహుమతిగా ఇవ్వాలనుకుంటూ ఇదే ప్రశ్న అడిగాడు. ఈసారి నేను ధర చెప్పకుండా, మధ్యాహ్నం రెండు గంటలకు మీ ఇంట్లో ఎవరుంటారు అని ఎదురు ప్రశ్న వేశాను. అతను కొంత నొచ్చుకున్నాడు. అతనికి భోజన విరామంలో చెప్పలేకపోయిన విషయాన్ని ఇక్కడ తీరికగా రాస్తున్నాను.

ముందుగా నా తప్పును ఒప్పుకోవాలి. కరోనా కాలంలో నేనూ మా వారూ ఇద్దరమూ ఇంటి నుంచే పని చేస్తున్నాము, హైదరాబాద్ నిజాంపేటలోని రెండు పడకగదుల ఫ్లాటులో గోడలు చూసి విసిగిపోయి ఉన్నాము, కాబట్టి ఒక కుక్కపిల్ల ఉంటే బాగుంటుందనిపించింది. బాగుండేది మాకు, దానికి ఎలా ఉంటుందన్న ఆలోచన అప్పుడు రాలేదు. అమ్మినవాడు పిల్లకు నలభై అయిదు రోజులని చెప్పాడు. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలు చెబుతున్నాయని మాకు తెలియదు. తల్లిని చూపించమని కూడా అడగలేదు. రంగు చూశాము, చెవులు చూశాము, ఫోన్‌లో డబ్బు పంపాము. ఫ్రిజ్ కొన్నప్పుడు ఇంతకన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగాము.

ఇప్పుడు లెక్క చెబుతాను. తిండికి నెలకు 3,500 రూపాయలు, పిడుదులు పట్టకుండా వేసే మాత్రకు 600, ఏడాదికి ఒకసారి వేయించే టీకాలు, కడుపులో పురుగులు పోయే నట్టల మందు, మామూలు పరీక్షలు అన్నీ నెలలకు పంచుకుంటే 400, పగటిపూట దాన్ని చూసుకుని బయట తిప్పే మనిషికి 3,500. మొత్తం 8,000. ఏడాదికి 96,000. లాబ్రడార్ సాధారణంగా పది పన్నెండేళ్ళు బతుకుతుంది కాబట్టి పదకొండేళ్ళు అనుకుంటే 10,56,000 రూపాయలు అవుతుంది. ఇందులో జబ్బులు లేవు, పండుగలకు ఊరెళ్ళినప్పుడు కుక్కల వసతి గృహంలో ఉంచే ఖర్చు లేదు, ధరల పెరుగుదల లేదు, కొరికి పాడు చేసిన సోఫా అసలే లేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర వెనుకాడినట్లు, 9,000 చూసి మురిసిపోయిన మనం మిగిలిన పది లక్షల దగ్గర ప్రతి నెలా బేరమాడుతూ ఉంటాము, ఆ బేరంలో నష్టపోయేది మాత్రం మాట రాని జీవి.

అయినా నా అసలు ఫిర్యాదు డబ్బు గురించి కాదు. డబ్బును కొంతవరకు సర్దుకోవచ్చు, గంటలను సర్దుకోలేము. 2022లో మా ఇద్దరి ఆఫీసులూ దాదాపు ఒకేసారి తిరిగి రమ్మన్నాయి. తొమ్మిది గంటల పని, నిజాంపేట నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్ళి రావడానికి రెండున్నర గంటలు, వెరసి ఇల్లు పదకొండున్నర గంటలు ఖాళీ. పెద్ద కుక్కను కూడా ఎనిమిది గంటలకు మించి మూత్రం ఆపుకొనేలా ఉంచకూడదని పశువైద్యులు చెబుతారు. కుక్కపిల్లలైతే నెలకొక గంట లెక్కన, అంటే మూడు నెలల పిల్ల మూడు గంటలు మాత్రమే ఆపుకోగలదు. మేము సాయంత్రం వచ్చి వంటగది ముందు తడి చూసి దాన్ని కోప్పడేవాళ్ళము. మా పాదాలకు చెప్పులుండేవి కావు, ఎందుకంటే అప్పటికి అది మూడు జతలు నమిలేసింది.

అది చేసే అల్లరిని పట్టుకోవాలని 1,800 పెట్టి ఒక కెమెరా కొన్నాము. అందులో అల్లరి కన్నా ఎదురుచూపే ఎక్కువగా కనిపించింది. లిఫ్టు మా అంతస్తులో ఆగిన ప్రతిసారీ అది లేచి తలుపు దగ్గరకు వెళ్ళి, ఎవరూ రాకపోతే ఒక దీర్ఘమైన ఊళ వేసి, మళ్ళీ అక్కడే పడుకునేది. ఆ ఊళ గురించే పక్క ఫ్లాటు మాస్టారు అపార్ట్‌మెంట్ సంఘానికి ఫిర్యాదు చేశారు. కుక్కను తీసేయమని ఒత్తిడి వచ్చినప్పుడు, భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను నేను సగర్వంగా చూపించాను. నివాసుల సంఘం మెజారిటీ తీర్మానంతో కూడా పెంపుడు జంతువులను నిషేధించలేదని వాటిలో స్పష్టంగా ఉంది. వాదనలో గెలిచాను. కానీ కెమెరా దృశ్యాలు చూసిన రాత్రి, మాస్టారి ఫిర్యాదే న్యాయమైనదని నాకు అర్థమైంది. ఆ మార్గదర్శకాలు కుక్కను ఉంచుకునే హక్కును నాకిచ్చాయి గాని, పదకొండు గంటలు ఒంటరిగా ఏడిపించే హక్కును ఇవ్వలేదు.

మా అమ్మది కొల్లేరు దగ్గరి ఆకివీడు వైపు. ఈ సంగతులన్నీ విని, "అమ్మాయ్, మన ఊళ్ళో కుక్కకు పనిమనిషిని పెట్టినవాళ్ళెవరే? అన్నం ముద్ద పడేస్తే అదే బతికేది" అంది. ఆమె మాటలో సగం నిజముంది. కొల్లేటి చుట్టుపక్కల బాతులను మేపేవారి వెంట జోనంగి కుక్కలు తిరిగేవి. పొట్టి వెంట్రుకల, సన్నని ఒళ్ళు గల ఆ జాతికి బాతుల మందను కాయడం అనే పని ఉండేది, నిద్రకు తానే తవ్వుకున్న గుంట ఉండేది, రోజంతా మనుషుల అలికిడి ఉండేది. మామూలు వీధి కుక్కకైనా నాలుగిళ్ళ ముద్ద, తోటి కుక్కల తోడు ఉండేవి. అక్కడ లేనిది టీకా. ఆ లోపం వల్ల రేబిస్‌తో పోయిన మనుషుల కథలు కూడా మా అమ్మకు తెలుసు, అవి ఎత్తితే మాట మారుస్తుంది. నేను పెంచుతున్న లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వెంట చల్లని నీళ్ళలో ఈదుతూ వలలనూ జారిపోయిన చేపలనూ తెచ్చిచ్చిన కుక్కలు. ఆ రక్తాన్ని తెచ్చి 1,100 చదరపు అడుగుల్లో పెట్టి తాళం వేసి వెళ్ళిపోతే, అది చెప్పులు కొరకక ఏం చేస్తుంది?

అప్పుడు మేము చేసిన మార్పులు గొప్పవేమీ కావు. మా వారు ఆలస్యంగా మొదలయ్యే షిఫ్టుకు మారారు, నేను పొద్దున్నే వెళ్ళి త్వరగా వచ్చేలా అడిగి ఒప్పించుకున్నాను. దానివల్ల మేమిద్దరం కలిసి భోంచేసే పూటలు తగ్గాయి, ఆ మాట కూడా లెక్కలో రాయాలి. మధ్యలో మిగిలిన ఆరు గంటలకు మా వాచ్‌మన్ గారి భార్యను అడిగాము. చిన్నప్పటి నుంచి మేకల మధ్య పెరిగిన ఆమె, మేము ఆరు నెలలుగా గుర్తించని విషయాన్ని రెండు రోజుల్లో గుర్తించింది: కుడి వెనక కాలు నేల మీద కొంచెం ఆలస్యంగా పెడుతోందని. ఆమెకు నెలకు 3,500 ఇస్తున్నామని తెలిసి, కుక్కను తిప్పడానికి అంతా అని ఆశ్చర్యపోయిన ఇరుగుపొరుగువారున్నారు. వారిలో ఒకరు తమ కుక్కకు నెలకోసారి అంతకు మించి ఖర్చు పెట్టి స్నానం, కత్తిరింపు చేయిస్తారు. బొచ్చుకు ఇచ్చే విలువ దాన్ని పట్టుకునే చేతికి ఇవ్వకపోవడం ఏ లెక్కలోనిదో నాకు అర్థం కాదు.

ఇక డబ్బు మమ్మల్ని నిజంగా కుదిపిన సందర్భం 2023 సెప్టెంబరులో వచ్చింది. ఆ ఏడాది ఇంటి రుణం వాయిదా పెరిగింది. ఎక్కడ తగ్గించగలమా అని చూస్తే 600 రూపాయల పిడుదుల మాత్ర కనిపించింది. కుక్క శుభ్రంగానే ఉంది కదా అని మూడు నెలలు ఆపేశాము. వానాకాలం. నాలుగో నెలలో లడ్డూ అన్నం మానేసింది, చిగుళ్ళు తెల్లబడ్డాయి, ఒక ఉదయం ముక్కు నుంచి రక్తం కారింది. పిడుదుల వల్ల వచ్చే జ్వరమన్నారు. రెండు లక్షలకు పైగా ఉండవలసిన ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయాయి. విచిత్రమేమిటంటే, ఈ జబ్బుకు ప్రధానంగా వాడే డాక్సీసైక్లిన్ చాలా చౌకైన మందు. బిల్లును పెంచినవి మా ఆలస్యం వల్ల అవసరమైన సెలైన్లు, పదే పదే రక్తపరీక్షలు, రెండు రాత్రుల పర్యవేక్షణ. ఎనిమిది రోజుల్లో 21,000 రూపాయలు, అదీ క్రెడిట్ కార్డు మీద. మిగుల్చుకున్నది 1,800.

ఆ వారంలో సెలవు కోసం నేను మేనేజరుకు చెప్పిన కారణం, మా అత్తగారికి బాగాలేదని. కుక్కకు జ్వరమంటే నవ్వుతారన్న భయం. తర్వాత ఈ విషయం తెలిసి మా అత్తగారు, "నన్ను మంచాన పడేసినందుకు కనీసం ఆ డబ్బుతో ఒక చీరైనా కొనాల్సింది" అని నవ్వారు గాని, నాకు మాత్రం ఆ అబద్ధం ఇప్పటికీ చిన్నతనంగానే అనిపిస్తుంది. ఇంట్లో ఒక ప్రాణిని బాధ్యతగా పెంచుతున్నానని చెప్పుకునే మనిషి, దాని అనారోగ్యాన్ని బాహాటంగా చెప్పుకోలేకపోయింది.

కోలుకున్న తర్వాత పరీక్షలకు నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకువెళ్ళాము. వరుసలో నిలబడాలి, సగం రోజు సెలవు పెట్టాలి, కానీ ఖర్చు ప్రైవేటుతో పోల్చదగినది కాదు. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి కూడా ఉంది. ఏటా జూలై 6న, 1885లో లూయీ పాశ్చర్ రేబిస్ టీకాను తొలిసారి ఒక బాలుడికి వేయించిన రోజు జ్ఞాపకార్థం జరిపే జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) నాడు, పశుసంవర్ధక శాఖ ఉచితంగా రేబిస్ టీకాలు వేయిస్తుంది. ఇవన్నీ మేము పన్ను కట్టి నడిపిస్తున్న సదుపాయాలే అయినా, అందమైన అద్దాల క్లినిక్‌ను చూసి అదే వైద్యమనుకున్నాము.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాము. ఏది తగ్గించినా టీకా, పిడుదుల మందు, నట్టల మందు తగ్గించకూడదు. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స వాయిదా వేయకూడదు. బీమా సంగతి మాకు అచ్చిరాలేదు, అందుకని నెలకు 1,500 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాము, దాన్ని ఇంకో అవసరానికి ముట్టుకోము. తిండి విషయంలో మాత్రం ధైర్యంగా తగ్గించాము. విదేశీ బ్రాండు సంచి మానేసి, డాక్టరును అడిగి, కొంత దేశీయ మేతా కొంత ఇంట్లో వండిన అన్నం, కోడి మాంసం, గుమ్మడికాయ ఇస్తున్నాము. ఇంట్లో వండేది అంటే మనం తిన్న సాంబారు అన్నం మిగిలితే పోయడం కాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికించిన ఎముకలు విరిగి పేగులకు గుచ్చుకుంటాయి. పుట్టినరోజు కేకు, చొక్కా, బూట్లు వంటివి దాని కోసం కాదు, ఫొటో కోసం. వాటిని మానేసిన రోజున దానికి తేడా కూడా తెలియలేదు.

డబ్బు లేనివారు కుక్కను పెంచకూడదు అని ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాటతో నేను ఏకీభవించను. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన దగ్గర ఒక నాటు కుక్క ఉంది. అది పగలంతా బండి కింద ఆయన పక్కనే ఉంటుంది, ఏటా జూలైలో టీకా పడుతుంది, శస్త్రచికిత్స అయింది. నా కుక్కకు లేనిది దానికి ఉంది, పగలంతా యజమాని తోడు. పెంచకూడనివారు ఎవరంటే, ఇల్లు రోజంతా ఖాళీగా ఉండి, ఆ ఖాళీని పూరించే మనిషికి డబ్బివ్వడానికి మనసొప్పనివారు. ఆ వర్గంలో జీతం ఎక్కువున్నవారే ఎక్కువగా కనిపిస్తారని నా అనుభవం.

మే నెలలో మా కాలనీ పార్కు గేటుకు ఎవరో ఒక బీగిల్ జాతి కుక్కను కట్టేసి పోయారు. మెడలో ఖరీదైన పట్టీ, పక్కన సగం మేత సంచి. ఆ మేత సంచిని చూస్తే నాకు కోపం కన్నా ఎక్కువ అసహ్యం వేసింది, అది పెట్టినవారు తమ మనస్సాక్షికి కూడా కాస్త మేత వేసి వెళ్ళారు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి దొరికితే శిక్ష 10 నుంచి 50 రూపాయల జరిమానా. ఈ నగరంలో అది టీ ఖర్చుతో సమానం. 2025 ఆగస్టులో వీధి కుక్కలపై సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరూ న్యాయమూర్తులయ్యారు, కుక్కలను పట్టుకుపోవాలనేవారు ఒకవైపు, వద్దనేవారు ఇంకోవైపు. శస్త్రచికిత్స చేయించని కుక్కను వీధిలోకి వదిలిన యజమాని గురించి ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఉద్యోగం పోవచ్చు, విదేశం వెళ్ళవలసి రావచ్చు, ఇంట్లో పెద్దవారు మంచాన పడవచ్చు. అలాంటప్పుడు కుక్కను తెలిసిన మంచి ఇంటికి, టీకాల పుస్తకంతో సహా, దాని అలవాట్లు రాసిచ్చి అప్పగించడాన్ని నేను తప్పు అనను. అయితే ఆ ఇల్లు వెతకడానికి నెలలు పడుతుంది, కాబట్టి చేతిలో డబ్బు ఆఖరయ్యే దాకా ఆగకూడదు. ఆ బీగిల్‌ను మా బ్లాకులోని ఒక కుటుంబం తీసుకునే దాకా మూడు వారాలు మా వాచ్‌మన్ గారి భార్యే చూసుకుంది. ఆ మూడు వారాలకు ఆమెకు డబ్బిచ్చింది నలభై ఎనిమిది ఫ్లాట్లలో నాలుగు ఫ్లాట్లు.

మా సహోద్యోగి మళ్ళీ వచ్చాడు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరని, వచ్చే ఏడాది తల్లిదండ్రులు ఊరి నుంచి వచ్చి ఉంటే అప్పుడు వారిని అడిగి ఆలోచిస్తానని చెప్పాడు. పాపను ఆదివారాలు మా ఇంటికి పంపమన్నాను, లడ్డూను పార్కుకు తీసుకువెళ్ళే పని అప్పగిస్తానని.

నాకిప్పుడు సంక్రాంతి సమస్య ఉంది. కుక్కను రైల్లో తీసుకువెళ్ళాలంటే ఏసీ ఫస్ట్ క్లాసులో ఇద్దరు పట్టే కూపేనో నలుగురు పట్టే క్యాబినో మొత్తం మన పేరనే తీసుకోవాలి, లేదా గార్డు బోగీలోని పెట్టెలో వేయాలి. మొదటిది మాకు భారం, రెండోదానికి మనసు రాదు. వసతి గృహాలు నవంబరులోనే నిండిపోయాయి. కారులో ఆకివీడు దాకా తీసుకువెళ్దామంటే దాని కాలు నొప్పి ఈ చలికాలంలో ఎక్కువైంది. పోయిన పండుగకు మా వారు ఇక్కడే ఉండిపోయి నన్ను పంపారు. ఈసారి ఉండిపోయే వంతు నాది. అమ్మకు ఇంకా ఫోన్ చేసి చెప్పలేదు.